గుడ్డపేలికల కంచె

ఉత్తరాది చలి సముద్రంలోని మా దీవిలో, ఈశాన్య కొనలోని గడ్డిమైదానం మీదుగా చీకటి పడ్డాక ఎవరూ నడవరు. ఎందుకని బళ్ళో పిల్లలు అడుగుతుంటారు. ఫియోఫాన్ తాత నాకు చెప్పింది చెప్పినట్టే వాళ్ళకి చెబుతాను.

తాత వయసులో ఉన్నప్పుడు అక్కడ సీల్ జాతి సముద్ర సింహాలు వందలకొద్దీ ఒడ్డెక్కేవి. ఇప్పుడు ఒక్కటీ రాదు. వాటి తోలు కర్రచట్రానికి బిగిస్తేనే అప్పట్లో మాకు పడవ. రాత్రిపూట మగవాళ్ళు పాక్కుంటూ వెళ్ళి, నీటికీ వాటికీ మధ్య చేరి, ఒక్కసారిగా కేకలు పెట్టి మైదానంలోకి తరిమేవారు. చుట్టూ కర్రలు పాతి, తాడు కట్టి, దానికి గుడ్డపేలికలు వేలాడదీసేవారు. అంతే కంచె. ఎద్దుకన్నా బరువైన జంతువు — పేలిక రెపరెపలాడితే చాలు, దాటదు. సరిపడా మంద పోగయ్యేదాకా రోజుల తరబడి అవి అక్కడే... సముద్రం హోరు వింటూ. ఆ తర్వాత ఊళ్ళోకి నడిపించి చంపేవారు.

ఒక ఏడాది కంచె కాపలా ఫియోఫాన్‌దీ, ఆర్తెమీ అనే కుర్రాడిదీ.

"చూశావా మామా, చింకిగుడ్డకి ఎంత భయమో," అని నవ్వేవాడు ఆర్తెమీ. "ఒక్కడుగు వేస్తే సముద్రం. బుద్ధిలేని జన్మ."

"నవ్వకురా. వింటాయి."

మంద పోగయ్యాక దాన్ని తోలుకుని అందరూ ఊరికి వెళ్ళిపోయారు. కంచె పీకడానికి వీళ్ళిద్దరే మిగిలారు. సాయంత్రం కబురొచ్చింది — ఆర్తెమీ భార్య మాత్రోనాకి ఆడపిల్ల పుట్టిందని. ఇద్దరు పోయాక పుట్టిన బిడ్డ.

"తెల్లారాక పోదాంరా."

"బిడ్డ మొహం చూడాలి మామా."

ఒక్కడే బయల్దేరాడు. రాత్రి మంచు పడింది.

తెల్లవారుజామున ఫియోఫాన్ పేలికల మూట వీపున వేసుకుని అటే వచ్చాడు. మైదానం మధ్యలో ఆర్తెమీ నిలబడి ఉన్నాడు. చుట్టూ అతని అడుగులే — గుండ్రంగా, తిరిగి తిరిగి మంచు బురదైపోయింది. బయటికి ఒక్క అడుగూ లేదు.

"రారా ఇంటికి."

"ఎలా రాను మామా..." గుసగుసగా అన్నాడు. "చుట్టూ పేలికలు..."

పేలికలన్నీ ఫియోఫాన్ వీపు మీదే ఉన్నాయి.

చెయ్యి పట్టి లాగాడు. ఆర్తెమీ గొంతులోంచి వచ్చింది మనిషి అరుపు కాదు. చేసేది లేక ఫియోఫాన్ వంగి, లేని కర్రను పీకినట్టు పీకి అవతల పడేశాడు — మందకి దారి తీసినట్టే.

ఆర్తెమీ తల దించుకుని ఆ సందులోంచి బయటికొచ్చాడు.

ఇల్లు చేరేసరికి లోపల పసిబిడ్డ ఏడుపు. ఆర్తెమీ మొహం వెలిగింది. గబగబా నడిచాడు... ఆగిపోయాడు.

వాకిలికి అడ్డంగా తాడు. దాని మీద బిడ్డ పొత్తిగుడ్డలు, గాలికి రెపరెపలాడుతూ.

ఫియోఫాన్ తాడు తెంపి, గుడ్డలన్నీ చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "తీసేశానురా. ఇంక పద."

ఆర్తెమీ తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా ఊగుతున్నాయి మామా."

లోపల బిడ్డ ఏడుస్తూనే ఉంది.