అమావాస్య నాడు తడిసిన ఇసుక

బాలి దీవిలోని కుసాంబ తీరంలో అమావాస్య సందెవేళ నల్ల ఇసుక మీద నీళ్ళు చల్లరు. డచ్చి తుపాకులకు ఎదురెళ్ళినవాళ్ళు కుప్పలుగా కూలిన చోటది. దాహంతో పోయిన ప్రాణాలు... తడి తగిలితే లేస్తాయంటారు.

అక్కడి ఉప్పు మడులవాళ్ళు చెప్పగా విన్న కథ ఇది.

సుకెర్తికి ఆ ఇసుకే అన్నం. పొద్దున్నే ఇసుకలో దంతెతో చాళ్ళు గీస్తుంది. కావడితో సముద్రపు నీళ్ళు మోసి చల్లుతుంది. ఎండకు ఉప్పు పేరిన ఇసుకను వడగడుతుంది. ఆమె తాతముత్తాతల చెమట కూడా ఆ ఇసుకలోనే ఇంకింది. ఇప్పుడు హోటల్ కంపెనీ ఒక కాగితం ఆడించి, తీరం తనదంది. కాగితానికి చెమట పట్టదు — ఆకలి మాత్రం చచ్చేంత!

అమావాస్య సాయంత్రం గూండాలొచ్చి గుడిసె తగలబెడతారని కబురొచ్చింది.

"నువ్వు నీళ్ళకెళ్ళొచ్చేలోపు మేమంతా ఇసుక కప్పుకుని పడుకుంటాం అక్కా," అన్నాడు తమ్ముడు కాలెర్. "పిలవకు, పలకం. నువ్వు నీళ్ళు చల్లడమే సైగ. దెయ్యాల్లా లేస్తాం. బతికున్నవాళ్ళ మాట వినని వెధవలు చచ్చినవాళ్ళకైనా జడుస్తారేమో!"

"అమావాస్యరా..."

"ఉప్పు పండించేవాడిదే ఇసుక. అమావాస్యదా?"

పొద్దు గుంకింది. సుకెర్తి కావడి దించింది. మడిలో చడీచప్పుడూ లేదు... బాగానే దాక్కున్నారు అనుకుంది.

గూండాలు వచ్చారు. ముందు వాళ్ళ నాయకుడు రింత — చేతిలో కొడవలి, వెనక కిరసనాయిలు డబ్బాలు.

"ఏమే ఉప్పుదానా! కొరివి గుడిసెకా, నీకా?"

కాలెత్తి తన్నాడు. ఆమె పెదవి చిట్లింది. నెత్తురు ఇసుకలో పడింది — పడీపడగానే ఇంకిపోయింది. గుడిసె భగ్గుమంది.

సుకెర్తి తాటాకు చేదను అందుకుంది. నీళ్ళు మంట మీద పొయ్యలేదు. ఇసుక మీద విసిరింది.

ఇసుక లేచింది.

నల్లగా, నిలువెత్తుగా, మొహాల నిండా ఇసుకతో... అరుపు లేదు, మాట లేదు. ఒక గూండా మణికట్టు డబ్బాతో సహా తెగి పడింది. ఇంకొకడి తొడలోంచి బల్లెం మొన బయటికొచ్చింది. రింత జుట్టు పట్టి ఈడ్చి, మొహాన్ని ఇసుకలోకి తొక్కారు. వాడి కాళ్ళు కొట్టుకున్నాయి... కొట్టుకున్నాయి... ఆగాయి.

కావడి బద్దతో ఒకణ్ణి బాదుతున్న సుకెర్తి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"కాలెర్! భయపెడతామన్నావు గానీ చంపుతామన్నావట్రా!"

ఎవరూ పలకలేదు. మిగిలిన గూండాలు చీకట్లోకి పరిగెత్తారు. ఇసుకలోంచి లేచినవాళ్ళలో ఒకడు మాత్రం ఆమె వెనక్కి నడిచొచ్చి, రెండో చేదలో మొహం పెట్టాడు. గుటుక్... గుటుక్...

"ఉప్పునీళ్ళురా, పేగులు మాడతాయి," అంది ఆమె.

అప్పుడే రోడ్డు వైపు నుంచి కేక.

"అక్కా! బతికే ఉన్నావా?"

కాలెర్. వెనక ఊరంతా, దంతెలు పట్టుకుని, రొప్పుతూ. ఒక్కరి ఒంటి మీదా ఇసుక రేణువు లేదు.

"లారీలు అడ్డం పెట్టి దారి మూసేశారక్కా... ఇప్పటికి తోసుకొచ్చాం. ఈ శవమెవరిది?"

సుకెర్తి మంట వెలుగులో మడి వంక చూసింది. లేచినవాళ్ళు ఒక్కరూ అక్కడ లేరు. గూండాల అడుగులు పడ్డచోట తప్ప, పొద్దున తను గీసిన చాళ్ళు గీసినట్టే ఉన్నాయి.

ఆమె వెనక, చేదలో గుటకల చప్పుడు... ఇంకా ఆగలేదు.