ఇరుసు సొరంగంలో మూడు దెబ్బలు

తెర్న ఓడలో ఇరుసు సొరంగానికి మంచి పేరు లేదు.

ఇంజను గది వెనక, ఓడ అట్టడుగున, పాక్కుంటూ తప్ప పోలేని ఇరుకు అది. దాని పొడుగునా ఇనప ఇరుసు తిరుగుతుంటుంది, కొసన నీళ్ళలో ఓడని నెట్టే పంకా. యుద్ధకాలంలో సముద్రంలో మందుపాతరలు ఏరిన ఓడ కదా, ఆ సొరంగంలో ఒకడు పోయాడని కొందరంటారు, కాదు ఇద్దరని కొందరు. పోయినవాళ్ళు ఇప్పటికీ సొరంగంలోంచి ఇంజను గదికి పోయే గొట్టం మీద కొడతారని మాత్రం అందరూ అంటారు. నార్వేలో బెర్గెన్‌కి ఉత్తరాన ఏ రేవులో అడిగినా చెబుతారు. అడక్కపోయినా చెబుతారు.

ఆ కొట్టడానికో పద్ధతుంది. నూనె పొయ్యడానికి లోపలికి వెళ్ళినవాడు స్పానరుతో గొట్టం మీద మూడు దెబ్బలు కొడతాడు — బతికే ఉన్నానని. ఇంజను మీట దగ్గరున్నవాడు మూడు దెబ్బలు తిరిగి కొడతాడు — నేనూ ఇక్కడే ఉన్నానని. మీట దగ్గర మనిషి లేకుండా సొరంగంలోకి పోకూడదు. ఏది తప్పినా ఆ కట్టుబాటు తప్పేవారు కాదు.

ముప్ఫై ఏళ్ళు ఆ రెండు చోట్లా ఇద్దరే మనుషులు, ఓడ్వార్, స్టైనార్. పాత ఓడని బతికించుకునే సంఘంలో జీతం లేని కొలువు. "నువ్వో కునుకు తియ్యరా, నేనున్నాగా" అనేవాడు స్టైనార్, ఎప్పుడూ. పోయిన మార్చిలో ఇంట్లో నిద్రలోనే పోయాడు. డెబ్భై నాలుగేళ్ళ ఓడ్వార్ ఒక్కడూ మిగిలాడు, అరిగిపోయిన మోకాళ్ళతో.

నవంబరులో తెర్నకి తనిఖీ వచ్చిపడింది. సొంత ఇంజను మీద నడిచి సాయంత్రం అయిదులోగా అవతలి రేవు చేరితే, సముద్రం మీద తిరిగే అనుమతి నిలుస్తుంది. ఇంకో పడవ లాక్కుపోవలసి వచ్చిందా... ఇక గట్టుకి కట్టేసి, టిక్కెట్టు పెట్టి చూపించే బొమ్మే.

ఇంజనుని సిద్ధం చెయ్యడంలో ఓడ్వార్‌కి రెండు రాత్రులు నిద్ర లేదు. విసిగిపోయాడు. ఓడతో కాదు, ఒంటరితనంతో. "రేవు చేరాక నీతో ఓ మాట చెప్పాలమ్మాయ్" అన్నాడు బయల్దేరేముందు కెప్టెన్ రాగ్నతో. ఆ మాట — ఇదే ఆఖరు, ఇక రాను అని.

సంఘంవాళ్ళు తోడుగా ఇచ్చిన క్నూట్ బడిపంతులు. అలలు కాస్త లేచేసరికి మొహం పాలిపోయింది.

"పైకి పో నాయనా. ఇక్కడ కక్కితే కడగాల్సింది నేనే."

"అయిదు నిమిషాల్లో వచ్చేస్తా, తాతా."

"నీ అయిదు నిమిషాలు నాకు తెలీవూ!"

మూడున్నర దాటగానే చీకటి పడిపోయింది. నవంబరు కదా. ఓడ సన్నటి జలసంధిలోకి దూరింది, అటూ ఇటూ బండలు.

అప్పుడు తగిలింది వాసన... కాలుతున్న నూనె వాసన. సొరంగంలోంచి.

బేరింగు ఎండిపోతోంది. ఇంకో పది నిమిషాలు ఇలాగే తిరిగితే ఇరుసు పట్టేస్తుంది. ఆపుదామా అంటే, ఈ ఇరుకులో ఇంజను ఆగిన ఓడ నేరుగా బండల మీదికే పోతుంది.

"క్నూట్!" అని నిచ్చెన కింద నిలబడి అరిచాడు. ఇంజను హోరులో తన గొంతు తనకే వినపడలేదు.

ఓడ్వార్ నూనె డబ్బా, స్పానరు తీసుకున్నాడు. మీట వదిలేసి సొరంగంలోకి దూరాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి కట్టుబాటు తప్పాడు.

చంకలో టార్చి. జానెడు దూరంలో తిరుగుతున్న ఇరుసు. బేరింగు మీద చెయ్యి పెడితే పెనంలా కాలింది. నూనె పోశాడు... పొగ. ఇంకా పోశాడు... పొగ తగ్గింది. ఇక ఒళ్ళు లేవనంది. అక్కడే తల వాల్చేద్దామనిపించింది.

అలవాటు చొప్పున చేతిలో స్పానరు గొట్టాన్ని తాకింది.

టంగ్... టంగ్... టంగ్.

కొట్టాక గుర్తొచ్చింది, అవతల ఎవరూ లేరని.

టంగ్... టంగ్... టంగ్.

ఇంజను గదిలోంచి జవాబు! క్నూట్ దిగొచ్చాడు కాబోలు... అనుకుంటుండగానే ఇంజను గదిలో గంట గణగణ మోగింది. పైనుంచి కెప్టెన్ ఆజ్ఞ.

పక్కనే ఇరుసు నెమ్మదించింది... ఆగింది... గాలి బుస్సుమంది... ఇరుసు ఎదురు తిరగడం మొదలెట్టింది. ఓడ నిలువెల్లా వణికింది.

ఆ పాత ఇంజనుని వెనక్కి తిప్పడమంటే మాటలు కాదు. ఆపాలి, మీట మార్చాలి, గాలి వదిలి మళ్ళీ రాజెయ్యాలి. చెయ్యి తిరిగినవాడికే లొంగుతుంది. పంతులికి ఈ విద్య ఎప్పుడొచ్చింది?

"భేష్ పంతులూ!" అంటూ పాక్కుంటూ బయటికొచ్చాడు.

గదిలో ఎవరూ లేరు.

ఆజ్ఞల పలక మీద రాగ్న తిప్పిన ముల్లు 'పూర్తి వెనక్కి' మీదుంది. కింద మీట దగ్గరివాడు తిప్పాల్సిన జవాబు ముల్లూ సరిగ్గా దాని మీదే ఉంది. మీట వెనక్కి వేసి ఉంది. మళ్ళీ గంట మోగింది, 'నెమ్మదిగా ముందుకి'. ఓడ్వార్ మీట మార్చాడు.

అయిదుకి పది నిమిషాలుందనగా తెర్న రేవు చేరింది, సొంత ఇంజను మీద. ఇంజను ఆగింది, ఇరుసూ ఆగింది. రాగ్న కాఫీ పట్టుకుని దిగింది.

"నీ చేతులు కళ్ళకద్దుకోవాలి తాతా! దీపం లేని చేపల పడవొకటి ఎదురొచ్చేసింది. అందులో ముగ్గురు. నేను గంట కొట్టానో లేదో వెనక్కి లాగేశావు."

"క్నూట్ ఏడీ?"

"ఎక్కడుంటాడు? మూడింటినుంచీ ముందు కొసన, బకెట్లో తల పెట్టుకుని. నా కళ్ళముందే ఉన్నాడు. ఏం?"

ఓడ్వార్ కాఫీ అందుకున్నాడు. మీట వంక చూస్తుంటే కళ్ళు చెమర్చాయి.

"ఏదో చెప్పాలన్నావుగా?"

"ఏం లేదమ్మాయ్. వసంతంలో మొదటి ప్రయాణం ఎప్పుడో ముందుగా చెప్పు."

ఆమె నవ్వుకుంటూ పైకి పోయింది. ఓడ్వార్ బల్ల మీద నడుం వాల్చాడు. "ఒరేయ్ స్టైనార్, కాస్త చూస్తుండు" అని గొణిగి కళ్ళు మూసుకున్నాడు.

చల్లారిన ఇంజను. కదలని ఇరుసు. సొరంగంలోంచి —

టంగ్... టంగ్... టంగ్.

కళ్ళు తెరవకుండానే చెయ్యి చాచి, పక్కనున్న గొట్టం మీద మూడు దెబ్బలు తిరిగి కొట్టాడు ఓడ్వార్. తర్వాత రెండు రాత్రుల నిద్రా ఒక్కసారే తీర్చుకున్నాడు.