పేరు రాయకుంట ఎతకొచ్చా?

అయిజలో ఆ పొద్దున ఎండ అప్పుడే పెరటి గోడ దిగుతోంది. వంటింట్లో ఎస్తేరు జొన్నరొట్టెలు కొడుతున్న చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. గడప మీద కూర్చున్న కూతురు హెప్సిబా ఫోన్‌లో, సోషల్ మీడియాలో తమ సర్వర్‌కు కొత్తగా చేరినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చూస్తోంది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. ఇంట్లోనే ఉండి కంప్యూటర్ మీద ఎవరివో వివరాలు ఎక్కించే పని చేస్తుంది. అది తిండికి. కొత్తవాళ్లకు దారి చూపించే పనికి జీతం లేదు. అది మనసుకు.

అందరూ వాడే పెద్ద కంపెనీల సోషల్ మీడియా కాదది. ఎవరికి వాళ్లు నడుపుకునే చిన్న చిన్న సర్వర్లు, వాటి మధ్య దారులు. పక్కింటి తాజ్‌బీ కుట్టు దుకాణంలో శనివారం శనివారం ఆడవాళ్లను కూర్చోబెట్టి హెప్సిబా వాటి గురించి చెప్పేది.

"ఒక్కో సర్వర్ ఒక్కో ఊరనుకోర్రి. మీకు నచ్చిన ఊర్ల ఇల్లు కట్టుకోవచ్చు, ఏ ఊరి మనిషితోనైన మాట్లాడొచ్చు. ఒట్టి పేరు చెప్తే మనిషి దొరకడు. పేరూ ఊరూ రెండు చెప్పాలె. ఈడ ఎవరూ ఏదీ తెచ్చి మన ముందర పెట్టరు. మనమే పోయి పిలవాలె."

"మా ఆయన్ను నేను పిలిస్తె ఇంట్లనే పలకడు," అని తాజ్‌బీ అంటే అందరూ పడీ పడీ నవ్వేవారు. ఆ మాటలు పెరటి గోడ దాటి ఎస్తేరు చెవిన పడేవి. ఆమె మాత్రం ఎన్నడూ ఆ గడప తొక్కలేదు.

ఫోనంటేనే ఎస్తేరుకు పడదని హెప్సిబా నమ్మకం. పద్నాలుగు నెలల కింద బీచుపల్లి దాటినాక లారీ గుద్ది నాయన చనిపోయాడు. ముక్కలైన ఫోను రోడ్డు మీద కనపడేసరికి, బండి నడుపుతూ ఫోన్ చూస్తున్నాడని చూడనివాళ్లు కూడా చెప్పారు. నాయనకు ఆ ఫోన్‌లో అకౌంట్ తెరిచి, రాయడం నేర్పింది హెప్సిబానే. అప్పట్నుంచి తల్లీబిడ్డల మధ్య "తిన్నవా", "నీళ్లొచ్చినయా" తప్ప మాటల్లేవు. ఎస్తేరు రొట్టెల పని కాగానే పెరట్లోకి పోయి, కొంగు తలమీదుగా కప్పుకుని, గోడ వైపు తిరిగి గొణుక్కుంటూ చాలాసేపు ప్రార్థన చేసుకుంటుంది.

"అమ్మా, నీళ్లొచ్చినయ్, బిందె పెట్టు!" అని హెప్సిబా లోపలి నుంచి కేకేసింది. పెరట్లోంచి జవాబు రాలేదు. తనే లేచి బిందె పెట్టి వచ్చేసరికి ఫోన్ మోగింది.

కొత్తగా చేరిన అకౌంట్. పేరు 'కొత్త మనిషి'. ఫొటో ఉండాల్సిన చోట ముఖం లేని బూడిదరంగు బొమ్మ. హెప్సిబా ఒక్కదానికే కనపడేలా పంపిన మాటలు: 'ఈడ ఎవరు లేరా అంత ఖాళీగ ఉంది పిలిస్తే పలుకుతరా అమ్మా నీళ్లొచ్చినయ్ బిందె పెట్టు'

హెప్సిబా ఆఖరి మాటలు రెండుసార్లు చదివింది. ఎవరింట్లోనైనా పొద్దున అనుకునే మాటలే కదా అని సర్దిచెప్పుకుంది. అలవాటుగా జవాబు రాసింది: 'స్వాగతం. మొదట్ల అందరికీ ఖాళీగనే కనపడుతది. భయపడకండి. మీరు తెలిసినవాళ్లను పిలిస్తే ఇల్లు నిండుతది. ఎన్నిసార్లైనా అడగండి, చెప్తాను.'

మరునాడు పొద్దున తాజ్‌బీ గోడ మీదినుంచి తొంగి చూసి, "ఎస్తేరక్కా, జర కరివేపాకు ఇయ్యవా," అని అడిగింది. నిమిషం గడవకముందే హెప్సిబా చేతిలో ఫోన్ అదిరింది.

'సచ్చిపోయినోల్లు ఈడ ఉంటరా రాసినయి ఉంటయా ఎస్తేరక్కా జర కరివేపాకు'

తన ఇంటి గోడల మధ్య పుట్టిన మాట, గాలిలో కలిసిపోకముందే ముఖం లేని మనిషి నోట్లోకి ఎలా పోయింది? ఆమె కిటికీ వైపు చూసింది, దూలాల వైపు చూసింది. పెరట్లో తల్లి గోడ వైపు తిరిగి కదలకుండా నిలబడి ఉంది. కోళ్లు కూడా ఆ రోజెందుకో అరవలేదు. పట్టపగలు, నిండు ఎండలో, తనింట్లో ఇంకెవరో ఉన్నారనిపించింది హెప్సిబాకు.

తట్టుకోలేక తాజ్‌బీ దుకాణానికి పోయి చూపించింది.

"ఎవరో మా ఇంట్ల మాటలు ఇంటున్నరు పిన్నీ. చదువు జర."

తాజ్‌బీ కుట్టుమిషన్ ఆపకుండానే ఓరకంట చూసింది. "ఊరందరికి నేర్పితివి. ఇగ షైతాన్‌లు గూడ నేర్చుకునేతందుకు వచ్చినట్టున్నయ్ బేటీ."

"నవ్వకు పిన్నీ. నాకు భయమైతుంది."

"భయమెందుకు? అడిగినదానికి జవాబు చెప్పు. అడిగేటోల్లు గూడ భయపడుకుంటనే అడుగుతరు," అంది తాజ్‌బీ. నవ్వు మొదలుపెట్టింది గానీ పూర్తి చేయలేదు. తల వంచుకుని సూదిలో దారం ఎక్కించసాగింది.

హెప్సిబా ఇంటికొచ్చి జవాబు రాసింది. కొత్తవాళ్లకు ఆమె ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. 'మనిషి పోయినా, ఆ ఊరు ఉన్నన్ని దినాలు రాసినవి ఉంటాయి.' రాసిందే గానీ, నాయన రాసినవి తను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదన్న సంగతి అప్పుడు గుండెలో ముల్లులా కదిలింది. ఊరందరికీ తలుపులు తీసే మనిషికి ఆ ఒక్క తలుపు తీయడానికి చెయ్యి రాలేదు.

మూడో రోజు ఎదురుచూస్తూ కూర్చుంది. రొట్టెల చప్పుడు ఆగింది. పెరటి తలుపు కిర్రుమంది. ఇల్లంతా నిశ్శబ్దం. ఫోన్ వెలిగింది.

'పేరు రాయకుంట మనిషిని ఎతకొచ్చా'

అంతే ఉంది. ఈసారి ఇంటి మాటలు లేవు. అయినా హెప్సిబా దాన్నుంచి కళ్లు తిప్పుకోలేకపోయింది. ఎంతోమంది కొత్తవాళ్లకు నేర్పింది. ఫొటో పెట్టలేకపోతున్నామన్నారు, పాస్‌వర్డ్ మరిచిపోయామన్నారు. ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. వెతికే మనిషి పేరు తెలియదని కాదు. తెలుసు. కానీ నోటితో అనకూడదు.

నాయన మరణ ధ్రువీకరణ పత్రం కోసం ఆఫీసుకు పోయిన దినం గుర్తొచ్చింది. గుమాస్తా "నీ భర్త పేరేందమ్మా" అంటే ఎస్తేరు తలొంచుకుని బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకుంది. పేరు హెప్సిబానే చెప్పింది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆ పేరు ఎస్తేరు నోట ఎవరూ వినలేదు.

హెప్సిబా ఫోన్ పట్టుకునే పెరట్లోకి నడిచింది. ఎస్తేరు కొంగు కింద ముఖం దాచుకుని గొణుగుతోంది.

"అమ్మా, ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

ఎస్తేరు ఉలిక్కిపడింది. "దేవునితోని," అంది తిరగకుండానే.

హెప్సిబా చేతిలో ఫోన్ మోగింది. తెర మీద తన మాటలే ఉన్నాయి: 'అమ్మా ఎవరితోని మాట్లాడుతున్నవ్ దేవునితోని'

హెప్సిబా మెల్లగా తల్లి కొంగు తొలగించింది. తల్లి అరచేతిలో తాజ్‌బీ పాత ఫోన్. తెర మీద మైకు గుర్తు ఇంకా వెలుగుతోంది; ఉలికిపాటులో బొటనవేలు పంపే గుర్తు మీద పడింది. ఎస్తేరు బైబిలు మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదవగలదు గానీ రాయలేదు. నోటితో చెప్తే ఫోనే రాసుకుంటుంది. చుట్టుపక్కల మాటలు ఏవి పడితే అవి కలిపి రాసుకుంటుంది.

"నువ్వా!" హెప్సిబాకు భయం పోయి కోపం ముంచుకొచ్చింది. "మూడు దినాల సంది నా పాణం తోడినవ్ కదమ్మా! ఒక్క ఇంట్ల ఉండి, గట్ల దొంగతనంగ అడుగుడేంది? నాతోని మాట్లాడనీకి నోరు రాలే, ఫోన్ల మాత్రం వచ్చిందా?"

"ఎట్ల అడగాలె నిన్ను?" ఎస్తేరు గొంతు కూడా లేచింది. "పరాయి ఆడోల్లకు పదిసార్లు చెప్తవ్, బంగారం లెక్క చెప్తవ్. గోడ ఇవతల నిలబడి అంత ఇన్న. నన్ను ఒక్కనాడన్న కూసోబెట్టి చెప్పినవా? కొత్తోల్లతోని మంచిగ మాట్లాడుతవని కొత్తదాన్నై వచ్చిన."

హెప్సిబా కట్టెల మోపు మీద కూలబడింది.

"నీ మొఖం సూడలేకనే మాట్లాడలే అమ్మా. ఆ దినం పదింటికి నాయనకు రాసింది నేనే. ఉద్యోగం వచ్చింది, అమ్మకు నువ్వే చెప్పు అని రాసిన. జవాబియ్యి, జవాబియ్యి అని మూడుసార్లు రాసిన. బండి మీద ఆయన సూసింది నేను రాసిందే. నేనే సంపుకున్న."

ఎస్తేరు గోడకు చేయి ఆనించి నెమ్మదిగా బిడ్డ పక్కన కూర్చుంది.

"నువ్వెందుకైతవ్ బిడ్డా? పదకొండింటికి ఫోన్ చేసింది నేను. తినకుంట పోయిండని తిట్టిన. కోపంల పెట్టేసిన. మల్ల చేస్తుండెనో ఏమో బండి మీదికెల్లి... ఈ సంగతి నీకు తెలుస్తే, నాయన్ను మింగిందని నన్ను విడిచిపెట్టి పోతవేమోనని, గందుకే నీ ముందర నోరు తెరవలే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆఖరుకు ఏం రాసిండో సూడాలె. నన్ను తిట్టి రాసినా సరే సూడాలె."

నీడ వాళ్ల కాళ్ల దాకా వచ్చింది. హెప్సిబా ముక్కు తుడుచుకుని, "నాయనది మన ఊరు కాదు. రైతులు నడుపుకునే వేరే సర్వర్. ఊరి పేరు నేను రాస్త. మనిషి పేరు గూడ రాయనా?" అంది.

ఎస్తేరు తెర మీద పేరు రాసే ఖాళీ గడిని చూసింది. తల అడ్డంగా ఊపింది. మైకు గుర్తు మీద వేలు ఆనించి, కళ్లు మూసుకుని, నిదురపోతున్న మనిషి చెవిలో చెప్పినట్టు అంది.

"కురుమూర్తి."

తెర మీద ఆ పేరు ఒక్క తప్పు లేకుండా వచ్చి నిలబడింది. మరుక్షణం మెడలో తువ్వాలతో కురుమూర్తి నవ్వుతూ కనపడ్డాడు. ఫోన్ ఉన్న తల్లి చేతిని హెప్సిబా కింద నుంచి పట్టుకుంది.

ఆఖరిది పైననే ఉంది. ఫొటోలో స్టాండు వేసిన బండి, సీటు మీద ఖాళీ చాయ్ గ్లాసు, వెనక కృష్ణా నది. కింద పదకొండూ ఐదు అని టైము. ఎస్తేరు వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ బయటికే చదివింది.

"మా బిడ్డకు నౌకరొచ్చింది. మా ఖాందాన్‌ల మొదటి నౌకరి. మా ఇంటామె తినకుంట పోయినవని ఇప్పుడే ఫోన్‌ల తిట్టింది, ఆమెకింక ఈ సంగతి తెల్వదు. పోయి ఎదురుంగ చెప్త. ఫోన్ జేబుల ఏస్తున్న, ఇంటికి పోయినంకనే తీసుడు."

ఫోన్ జేబులో ఉంది. బండి కదిలేసరికే ఫోన్ జేబులో ఉంది. పద్నాలుగు నెలలుగా చెరొక మూల మోసిన బరువు ఒక్కసారి జారిపోయేసరికి, తల్లీబిడ్డలు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, గోడ అవతల తాజ్‌బీ మిషన్ ఆగిపోయేంత గట్టిగా ఏడ్చారు.

ముందు తేరుకున్నది ఎస్తేరే. తెర కిందికి జరిపింది. ఎక్కడెక్కడి ఊర్ల వాళ్లో రాసి ఉన్నారు. ఒకాయన 'శుభం అన్నా' అన్నాడు. ఇంకొకామె 'అక్కకు చెప్పినవా, ఏమన్నది' అని అడిగింది. నెల తర్వాత మళ్లీ ఆమే, 'ఏమైపోయినవన్నా' అంది.

"వీల్లకు తెల్వదా?"

"తెల్వదమ్మా. ఎవరూ చెప్పలే."

"పాపం, ఎదురుసూస్తుండ్రు కద," అని ఎస్తేరు కళ్లు తుడుచుకుంది. "అందరికి కనపడేటట్టు నేను చెప్పొచ్చా? ఎక్కడ వత్తాలె?"

హెప్సిబా చూపించింది. ఎస్తేరు చెదిరిన కొంగు సర్దుకుంది. ఈసారి గోడ వైపు తిరగలేదు. వెలుగులోనే కూర్చుని నిదానంగా చెప్పింది.

"నా పేరు ఎస్తేరు. కురుమూర్తి పెండ్లాన్ని. మీకు ఇది రాసిన దినమే ఆయన రోడ్డు మీద పోయిండు. మీ మాటలు ఆయన సూడలే. నేను సూసిన. జవాబియ్యలేదని ఎవ్వరు మనసుల పెట్టుకోకుర్రి."

ఆ చివరి మాట వినగానే హెప్సిబా తల్లి ఒడిలో ముఖం దాచుకుంది. ఎస్తేరు ఒక చేత్తో బిడ్డ తల నిమురుతూ, రెండో చేతి బొటనవేలితో మెల్లగా నొక్కి పంపించింది.