పద్దెనిమిదికీ అరవైకీ మధ్య

"కుట్టుమిషనా?" అంది ఆమె.

"అవునండీ. మీ వయసువాళ్లకి మా నిధిలో ఉన్నది అదొక్కటే. స్వయం ఉపాధి పథకం."

"నాకు క్యాన్సర్ భయ్యా."

"తెలుసండీ, రిపోర్టు చూశాను. కానీ వైద్య సాయం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకీ, అరవై దాటిన పెద్దవాళ్లకీ మాత్రమే. మీకు ఇరవై నాలుగు కదా..."

"అయితే కీమో మానేసి జాకెట్లు కుట్టుకోమంటారు!"

రాయ్‌పూర్ దగ్గర రిసాలిలో, ఉక్కు ప్లాంటులో రిటైరైన తెలుగువాళ్లు కొందరు పెట్టుకున్న సహాయ నిధి మాది. ఒకటే గది, ఒకటే బల్ల, జీతగాణ్ణి నేనొక్కణ్ణే. నా పేరు ఉదయ్‌కుమార్. రైల్వే పరీక్షలకు చదువుకుంటూ అక్కడ దరఖాస్తులు చూస్తుంటాను. ఆ బల్ల మీద అంత గట్టిగా ఫైలు కొట్టినవాళ్లు అంతకుముందు లేరు.

"పెద్దదాన్నయిపోవడం నా తప్పా? ముసల్దాన్ని కాకపోవడం నా తప్పా?" అని, తలకు చుట్టుకున్న ఆకుపచ్చ స్కార్ఫు సర్దుకుని, విసురుగా బయటికి నడిచింది.

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. జూలై వాన, రోడ్డు కూడా కనిపించనంత. అంత కోపంగా వెళ్లిపోయిన మనిషి మా వరండాలోనే నిలబడిపోవాల్సి వచ్చింది. పావుగంట నాకు వీపు చూపిస్తూనే నిలబడింది. టీ తీసుకెళ్లి పక్కన పెట్టాను.

"అల్లం వేశారా?"

"వేశాను."

"తాగలేను. నోటి నిండా పుళ్లు." ఆ మాట కూడా నన్ను తిడుతున్నట్టే అంది. మళ్లీ తనే, "అల్లం లేకుండా పెట్టగలరా?" అంది.

రెండో టీ తాగుతూ చెప్పింది. పేరు కుముదిని. హథ్‌ఖోజ్‌లో ఒక ఇంజనీరింగ్ యూనిట్‌లో కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసేది. మెడ దగ్గర గడ్డ తేలింది. లింఫోమా అన్నారు. సెలవు అడిగితే యజమాని చాలా ప్రేమగా రాజీనామా రాయించుకున్నాడు. ఉద్యోగంతో పాటే ఇన్సూరెన్సూ పోయింది. సర్కారు కార్డు మీద వచ్చింది రెండు కీమోలకే అయిపోయింది. తండ్రి అప్పలసూరి కాంట్రాక్టు వెల్డరు. ఆయన బండి కూడా అమ్మేశాడు.

"ఆన్‌లైన్‌లో చందాలడిగేవాళ్ల దగ్గరికీ వెళ్లాను. ఫోటో పంపితే ఏటన్నారో తెలుసా? నవ్వుతున్నారు, ఇలా అయితే డబ్బు రాదు, స్కార్ఫు తీసి ఏడుస్తున్నట్టు ఇంకోటి పంపండి అన్నారు."

"పంపారా?"

"నాలిక బయటపెట్టి పంపాను."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

ఆ మర్నాటి నుంచి ఆమె కోసం తిరగడం మొదలుపెట్టాను. దుర్గ్‌లో ఆదాయం సర్టిఫికెట్, రాయ్‌పూర్ డాక్టరు నుంచి ఖర్చు అంచనా, మూడు ట్రస్టులకు ఉత్తరాలు. ఒక ట్రస్టు పెళ్లయిందా అని అడిగింది. ఇంకోటి తండ్రి ఆదాయం చూపించమంది. మూడోది పిల్లల ఆసుపత్రికి వెళ్లమంది. క్యూల్లో ఆమె తిడుతూ ఉండేది, నేను ఫోటోకాపీలు పట్టుకుని నిలబడేవాణ్ణి.

"మీకు కోపమే రాదా?" అని అడిగింది ఒకరోజు.

"వస్తుంది. కానీ లైన్లో మీ ముందు నా కోపానికి చోటెక్కడుంది?"

మొదటిసారి నవ్వింది. చెంపలు లోపలికి పోయాయిగానీ కళ్లు మాత్రం నిండుగా ఉన్నాయి. ఆ రోజు నుంచి భయ్యా అనడం మానేసింది. ఎందుకని నేనడగలేదు.

మూడో కీమో సోమవారం. శుక్రవారానికి ఇంకా పద్దెనిమిది వేలు తక్కువ. నా కోచింగ్ ఫీజు కోసం దాచుకున్న డబ్బు తీసి, "నిధి నుంచి అత్యవసర సాయం మంజూరైంది" అని ఆమె చేతికిచ్చాను.

కీమో అయిన పది రోజులకు ఆమె మా అధ్యక్షుడు పరబ్రహ్మం గారింటికి థాంక్స్ చెప్పడానికి వెళ్లింది. ఆయన "ఏ డబ్బమ్మా?" అన్నారు.

అక్కణ్ణుంచి సరాసరి నా దగ్గరికి వచ్చింది.

"ఎవరడిగారు నిన్ను?"

మీరు కాస్తా నువ్వయింది.

"సోమవారం దగ్గరికొచ్చేసింది. ఇంకో దారి కనపడలేదు."

"నేను సాయం అడిగింది నిధిని. నిన్ను కాదు! ఇప్పుడు నీతో మాట్లాడాలన్నా, పోట్లాడాలన్నా ఆ పద్దెనిమిది వేలు మన మధ్య వచ్చి కూర్చుంటాయి. నీ మొహం చూసి ఒక మంచి మాట అన్నా, డబ్బు తీసుకుంది కదా, అందుకే అంటుంది అనిపిస్తుంది. నాకే అనిపిస్తుంది!"

"కుముదినీ, నేను అలా..."

"ఆ రూలు తప్పని నీకు తెలుసు కదా? దాంతో కొట్లాడలేక జేబులోంచి తీసినావు. రేపు నాలాంటోళ్లు ఇంకొకరొస్తే? ఎన్ని జేబులున్నాయి నీకు?"

ఇంకొకరు అప్పటికే వచ్చి వెళ్లారు. నిరుడు ఉతై నుంచి లక్ష్మీప్రసాద్ అని ఒకతను వచ్చాడు. ఇరవై ఏడేళ్లు, రక్త క్యాన్సర్. అతనికీ ఇదే బల్ల దగ్గర, ఇదే మర్యాదతో, ఇదే రూలు చెప్పాను. అతను గొడవపడలేదు. "పర్లేదన్నా" అని వెళ్లిపోయాడు. ఆ సంగతి ఆమెకు చెప్పేశాను.

"తర్వాత ఫోన్ చేశావా?"

"లేదు."

"చెయ్యి."

ఫైలు వెతికి నంబరు తీశాను. తల్లి ఎత్తింది.

"మార్చిలో పోనాడు బాబూ. మీరెవులు?"

ఎవరినని చెప్పను? ఫోన్ పెట్టేసి బల్ల మీదికి వంగిపోయాను. కుముదిని బీరువా తెరిచి, తిరస్కరించిన దరఖాస్తుల కట్ట కిందికి దించింది. సాయంత్రం దాకా ఇద్దరం నేల మీద కూర్చుని వెతికాం. నాలుగేళ్లలో పద్దెనిమిదికీ అరవైకీ మధ్య వయసున్న క్యాన్సర్ రోగులు పదకొండు మంది.

ఆదివారం కమిటీ సమావేశంలో నిలబడి ఆ పదకొండు పేర్లూ చదివాను.

"లక్ష్మీప్రసాద్, ఇరవై ఏడు. చనిపోయాడు. అతన్ని వెనక్కి పంపింది నేను. నా చేత పంపించింది మన రూలు. అది మారకపోతే రేపటి నుంచి ఆ బల్ల దగ్గర మీరే కూర్చోండి."

పరబ్రహ్మం గారి మొహం ఎర్రబడింది. "ఏటి బాబూ, మాటలు ముదురుతున్నాయి! నిధి సిన్నది. అందరికీ ఇస్తామంటే ఏటి మిగుల్తాది?"

కుముదిని వెనక కుర్చీలోంచి లేచింది. నిలబడటానికి ఎదుటి కుర్చీని పట్టుకోవాల్సి వచ్చింది.

"సిన్నదైతే సిన్నదని చెప్పండి తాతగారూ, ఉన్నదాంట్లోనే కొంచెం ఇవ్వండి, కాదనను. కానీ పిల్లవి కాదు, ముసల్దానివి కాదు, అందుకని నీకు జబ్బే లేదన్నట్టు మాట్లాడకండి. అది నన్ను వయసడిగి రాలేదు."

ముందుగా చెయ్యెత్తింది కోశాధికారి సత్యవాణి గారు, రిటైరైన హెడ్మిస్ట్రెస్. తర్వాత ఒకరొకరే ఎత్తారు. చివరికి పరబ్రహ్మం గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "రాయండి. వయసు పట్టింపు లేదు" అన్నారు.

కుముదినికి అరవై వేలు మంజూరైంది. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. అందులోంచి పద్దెనిమిది వేలు ముందు నాకు చెల్లించాలి. చెక్కు నా చేతిలో పెడుతూ సత్యవాణి గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

బయటికొచ్చాం. సన్నగా తుంపర పడుతోంది. ప్లాంటు వైపు ఆకాశం ఎర్రగా వెలిగి ఆరింది.

"ఇప్పుడు నువ్వు నాకేమీ బాకీ లేవు" అన్నాను.

"లేను."

"అయితే ఒకటి చెప్పొచ్చా? నువ్వంటే నాకిష్టం. చాలా."

ఆగిపోయింది. "పిచ్చా నీకు? ఇంకా మూడు కీమోలున్నాయి. తర్వాత స్కాన్‌లో ఏటొస్తుందో! అదేదో తేలాక అడగొచ్చు కదా?"

"అప్పుడడిగితే స్కాన్‌ని అడిగినట్టవుతుంది. నేను నిన్ను అడుగుతున్నాను."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగినందుకు కూడా కోపమే వచ్చినట్టుంది, ముంజేత్తో గట్టిగా తుడిచేసుకుంది.

"సోమవారం నాలుగో కీమో, పొద్దున లోకల్ ట్రైన్‌కి వెళ్లాలి. నాన్నకి డ్యూటీ. వస్తావా?" అని మాత్రం అంది.

వెళ్లాను. రాయ్‌పూర్‌లో వార్డు నర్సు కాగితాలు రాస్తూ, "పేషెంట్‌కి మీరేమవుతారు?" అని హిందీలో అడిగింది. నేను చెప్పేలోపే మంచం మీంచి కుముదిని జవాబిచ్చింది.

"హోనే వాలా పతి, లిఖ్ లో దీదీ." కాబోయే మొగుడని రాసుకోమంది.

ఆమె నా వైపు తిరిగి తెలుగులో అంది.

"ఊరికే పొంగిపోకు. వీళ్లందరి మీదా నా కోపం ఇంకా తగ్గలేదు. ఆ ట్రస్టులూ, ఆ యజమానీ... ఒక్కొక్కళ్ల దగ్గరికీ వెళ్లాలి. నాతో తిరగాలి నువ్వు."

"తిరుగుతాను" అన్నాను.

నర్సు రాసుకుని కాగితం నా వైపు జరిపింది. ఆ మాట పక్కన సంతకం పెట్టాను.