శంఖపట్నం యాత్రలో లేని పేరు

గిరిదుర్గం అనే కొండ రాజ్యానికి ఒక పెద్ద కష్టం ఉండేది. చిత్రమేమిటంటే, అలాంటి కష్టం ఉన్నట్టు ఆ రాజ్యంలో ఒక్కరికీ తెలియదు.

ఆ కొండల్లో మరపు భూతం కాపురముండేది. ఏటా వసంతం రాగానే అది ఒక మనిషిని ఎంచుకుని, రాజ్యంలోని మిగిలిన వాళ్ళందరి మనసుల్లోంచి ఆ మనిషిని తుడిచేసేది. ఆ తరవాత ఆ మనిషి ఎదుట నిలబడినా వాళ్ళకు కనపడడు, అరిచినా వినపడడు. ఒక మనిషి ఉండేవాడన్న సంగతే గుర్తు లేకపోతే ఇక వెతికేదెవరు? సగం నేసిన చీరతో ఒక మగ్గం మూలపడి ఉంటే, ఇదెవరిదబ్బా అనుకుంటూ జనం తమ దారిన తాము పోయేవాళ్ళు.

ఆ ఏడు భూతం కన్ను రాజు జయధ్వజుడి పెద్దకూతురు కువలయ మీద పడింది.

కువలయకు పద్నాలుగేళ్ళు. తల్లి లేని పిల్ల. తమ్ముడు నందకుడితోనూ చెల్లెలు మాలికతోనూ కలిసి నాయనమ్మ దగ్గర పెరిగింది. ఆ కొండవాసుల్లో సముద్రం చూసినవాళ్ళు లేరు. సముద్రానికి ఆవలి దేశంలో శంఖపట్నం అనే రేవు నగరం ఉందనీ, అక్కడ పొద్దు పొడిచింది మొదలు ఆటా పాటా సందడేననీ వర్తకులు చెప్పగా విని, కువలయ ఏడాదిపాటు కూర్చుని యాత్రకు ఏర్పాట్లు రాసింది. ఏ రోజు ఓడ ఎక్కాలి, ఏ సత్రంలో దిగాలి, చిలకల సంతకు ఏ పూట వెళ్ళాలి, చిత్రకారుల వీధికి ఏ పూట వెళ్ళాలి, అన్నీ తాటాకుల మీద వరసగా రాసి తండ్రి పెట్టెలో పెట్టింది.

ఆ రాత్రే భూతం తన పని చేసింది. మర్నాడు రాజు ఆ తాటాకులు తీసి చదివి మురిసిపోయాడు.

“ఇంత ముచ్చటగా ఎవరు రాశారయ్యా?” అని మంత్రిని అడిగాడు.

“తెలియదు ప్రభూ. దస్తూరీ మాత్రం ముత్యాల కోవలా ఉంది” అన్నాడు మంత్రి.

“నేనే రాశాను నాన్నగారూ!” అంది కువలయ పక్కనే నిలబడి.

రాజు తలెత్తలేదు. “మా అమ్మా, నేనూ, పిల్లలిద్దరూ. మూడు పల్లకీలు చాలు” అన్నాడు.

కువలయ తండ్రి భుజం పట్టుకుని కుదిపింది. ఆయన ఉత్తరీయం సర్దుకున్నాడు. నాయనమ్మ దగ్గరికి పరుగెత్తింది, తమ్ముణ్ణి గిల్లింది, చెల్లెలి చెవిలో అరిచింది. గొంతు బొంగురుపోయింది. ఆ పూట ఆమెకు ఎవరూ విస్తరి వేయలేదు. తన ఇంట్లో తానే దొంగలా వంటగదిలోంచి రెండు అరటిపళ్ళు తెచ్చుకుని తిని, వెక్కివెక్కి ఏడ్చింది.

మూడు రోజులు అలా తిరిగి తిరిగి, చివరికి అడవిలో ఉండే ముని దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళు తెరిచి, “రా తల్లీ, కూర్చో” అన్నాడు.

“నేను మీకు కనపడుతున్నానా స్వామీ?” అంది కువలయ నమ్మలేక.

“నా అన్నవాళ్ళందరినీ నేనే వదులుకుని వచ్చాను. నా దగ్గర తుడవడానికి భూతానికి ఏముంది? ఇక నీ సంగతి విను. నువ్వు గుర్తు చేస్తే వచ్చే జ్ఞాపకం పనికిరాదు. మీవాళ్ళు ఈ రాజ్యపు పొలిమేర దాటి వెళ్ళి, సంతోషంగా ఉన్న వేళ, వాళ్ళంతట వాళ్ళకే నువ్వు లేని లోటు తెలియాలి. అలా ఒక్కరికి తెలిసినా భూతం పని సరి. అది జరగకుండా వాళ్ళు తిరిగివచ్చి పొలిమేరలో కాలు పెట్టారో, నువ్వు గాలిలో గాలివైపోతావు.”

కువలయ కళ్ళు తుడుచుకుంది. “వాళ్ళు ఏ రోజు ఏ వీధిలో ఉంటారో రాసింది నేనే కదా స్వామీ! ముందుగా వెళ్ళి, నేను గుర్తొచ్చేలా అన్నీ అమరుస్తాను” అంది. ముని చిన్నగా నవ్వి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

అడవిలో నాలుగు రోజులు నడిచి రాజ్యపు పొలిమేర దాటాక ఒక కనుమకు అడ్డంగా ఒంటికొమ్ము రాక్షసుడు కూర్చుని ఉన్నాడు.

“ఓసి పిల్లా, కువలయా! ఒక్కదానివే ఎక్కడికే ఈ ప్రయాణం?” అన్నాడు.

భయపడాల్సింది పోయి కువలయకు ఏడుపొచ్చింది. తన పేరు ఇంకొకరి నోట విని ఎన్ని రోజులైందో!

“ఉండిపోవే ఇక్కడే. రాజ్యానికి నువ్వు లేవు, నాకున్నావు. నాకూ పలకరించే దిక్కు లేదు. నన్ను చూసి లేళ్ళు పారిపోతాయి, నువ్వేమో మీవాళ్ళకు కనపడనే కనపడవు. ఇద్దరికిద్దరం సరిపోతాం” అన్నాడు రాక్షసుడు. పనసతొనలు పెట్టాడు, పడుకోవడానికి ఆకులు పరిచాడు. కువలయ రెండు రోజులు ఉండిపోయింది కూడా. మాట్లాడే మనిషి దొరికితే ఆ మనిషికి కొమ్ముంటేనేం?

మూడోనాడు మాత్రం లేచి, “మామా, నేను పోవాలి. నీకు తోడు ఎవరైనా సరే. మావాళ్ళకు నేనే కావాలి. కావాలో అక్కర్లేదో తేల్చుకోకుండా ఇక్కడ కూర్చోలేను” అంది.

రాక్షసుడు మూతి ముడుచుకున్నాడు. “అక్కర్లేదని తేలితేనో?” అన్నాడు.

“అది కూడా నేనే వినాలి కదా మామా.”

వాడు గట్టిగా నిట్టూర్చి, ఆమెను భుజాన ఎక్కించుకుని ఏడు కొండలు దాటించి సముద్రపు ఒడ్డున దింపాడు. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఒడ్డున ఒక ముసలి తాబేలు ఉంది. దాని డిప్ప మీద నాచు ఒక అంగుళం మందాన పేరుకుంది.

“దాటిస్తాను. ఊరికే కాదు. శంఖపట్నం మొదటిసారి చూడగానే నీకు కలిగే సంతోషం నాకిచ్చెయ్యాలి” అంది తాబేలు.

ఏడాదిపాటు కలలుగన్న సంతోషం అది! కువలయ గుండె చివుక్కుమంది. అయినా, వాళ్ళు లేకుండా చూసి ఏం సంతోషపడతాను అనుకుని, సరేనని దాని డిప్ప మీదికెక్కి సముద్రం దాటింది. అందుకే, రంగుల తెరచాపలూ, రేవు మెట్ల మీద డప్పులూ, వీధివీధినా వేపుళ్ళ వాసనలూ, ఏడు దేశాల జనమూ ఒక్కసారిగా ఎదురైనా ఆమె మనసు ఉలకలేదు, పలకలేదు. అందరూ నవ్వుతున్న ఊళ్ళో ఆమె ఒక్కతే పనిమీద వచ్చినదానిలా తిరిగింది.

ఆ నగరంలో ఆమె అందరికీ కనపడుతుంది, వాళ్ళ మాటే ఆమెకు రాదు. చేతులతో సైగలు చేసి చిలకల సంతలో ఒక ముసలమ్మ దగ్గర పనికి కుదిరింది. పది రోజులు కష్టపడి యాభై చిలకలకు తన పేరు నేర్పింది. చిత్రకారుల వీధిలో రంగులు నూరిపెట్టి, కూలికి బదులు తన బొమ్మ గీయించుకుని, వీధి మొదట్లో వేలాడదీయించింది.

అనుకున్న రోజుకు రాజుగారి ఓడ వచ్చింది. సంతలో యాభై చిలకలూ ఒక్కసారిగా “కువలయా! కువలయా!” అని అరిచాయి.

“ఎంత ముద్దుగా పలుకుతున్నాయో! ఈ దేశంలో నమస్కారమని కాబోలు” అన్నాడు రాజు. పిల్లలిద్దరూ చిలకలకు చేతులు జోడించి, “కువలయా! కువలయా!” అంటూ నవ్వారు. అక్కకు మాత్రం నవ్వు రాలేదు.

చిత్రకారుల వీధిలో నందకుడు బొమ్మ ముందు ఆగాడు.

“ఈ ఊరి పిల్ల కాబోలు, ముక్కు చూడవే ఎంత పొడుగో!” అన్నాడు చెల్లెలితో.

తిరుగు ప్రయాణం రోజు రానే వచ్చింది. కువలయ చేయగలిగినవన్నీ అయిపోయాయి. రేవులో వాళ్ళకు పది అడుగుల దూరంలో ఇసుకలో చతికిలబడింది. ఇక ఒంట్లో సత్తువ లేదు, ఏడవడానికి కన్నీళ్ళూ లేవు.

ఆ మధ్యాహ్నం గాలి ఎదురు తిరిగి ఓడ కదలడం ఆలస్యమైంది. తాటాకుల్లో రాసినట్టు ఏడు దేశాల వంటకాల పూటకూటింటికి వెళ్దామని రాజు అంటే మాలిక రాగం తీసింది. “నాకొద్దు నాన్నగారూ, ఈ ఊరి కూరలు తియ్యగా ఉన్నాయి. నాకు మన అన్నం కావాలి.”

“పోనీలేరా, పిల్లల నోరు చవిచచ్చింది” అని నాయనమ్మ ఇసుకలోనే రాళ్ళ పొయ్యి పెట్టించి, వేడిగా అన్నం వండించింది. రాజమాత అయితేనేం, కొంగు బిగించి పెద్ద పళ్ళెంలో ఆవకాయా నెయ్యీ వేసి తానే కలిపింది. పిల్లలు చుట్టూ చేరి చేతులు చాపారు. ఒక ముద్ద నందకుడి చేతిలో పెట్టింది. ఒక ముద్ద మాలిక చేతిలో పెట్టింది. ఇంకో ముద్ద చేసి చెయ్యి చాపింది. అక్కడ ఎవరూ లేరు. ముద్ద మళ్ళీ పళ్ళెంలో వేసుకుంది.

రెండో వాయి. నందకుడు, మాలిక, మళ్ళీ ఖాళీలోకి చెయ్యి.

“ఇదేమిట్రా నాయనా, నా చెయ్యి ఇలా పోతోంది?” అంది నాయనమ్మ.

“పెద్దతనం అమ్మా. ఉన్నది ఇద్దరే కదా” అన్నాడు రాజు.

“నా మతి తప్పుతుందేమో కానీ, అన్నం పెట్టే చెయ్యి తప్పదురా! ఇక్కడ ఇంకో పిల్ల కూర్చోవాలి. ఆవకాయ ఎక్కువైందని గోల చేస్తుంది, మళ్ళీ అదే కావాలంటుంది. ఎక్కడికి పోయిందిరా నా పిల్ల? దానికి పెట్టకుండా నేనెప్పుడైనా పళ్ళెం కడిగానా?” అంది నాయనమ్మ. ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉంది.

కువలయ ఎలా లేచిందో, ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆ చేతి కింద తన అరచెయ్యి పట్టింది.

ముద్ద వెచ్చగా వచ్చి అరచేతిలో పడింది.

“ఇంతసేపు ఎక్కడ తిరుగుతున్నావే! అన్నం చల్లారిపోతోంది” అంది నాయనమ్మ కోప్పడుతూ. ఆ మాట అన్నాక ఆమెకు అంతా తెలిసింది. మనవరాలిని గుండెకు హత్తుకుని భోరుమంది. నందకుడూ మాలికా అక్కను చెరోవైపునా పట్టుకుని వదల్లేదు.

అదే క్షణాన కొండల్లో మరపు భూతం పొగలా చెదిరిపోయింది. గిరిదుర్గంలో ఏళ్ళ తరబడి ఎవరికీ కనపడకుండా తిరిగిన తొమ్మిది మంది తమ తమ ఇళ్ళ గుమ్మాల్లో నిలబడితే, “అయ్యో, నువ్వా!” అంటూ లోపలివాళ్ళు ఎదురు పరుగెత్తారు. తండ్రి తరవాత కువలయే ఆ రాజ్యాన్ని చల్లగా ఏలింది.

అది చాలా ఏళ్ళ తరవాతి మాట. ఆ రోజు మాత్రం సముద్రపు ఒడ్డున కువలయ, “ఆవకాయ ఎక్కువైంది నాయనమ్మా” అని కళ్ళు తుడుచుకుంటూ, ఇంకో ముద్దకు చెయ్యి చాపింది.