బల్ల మీద రెండో ఫొటో

నా కూతురు ఒతీలియా ప్యూబ్లా నుంచి మొదటి బస్సుకే దిగింది. చంకలో బంతిపూల కట్ట, నోట్లో గొణుగుడు. పట్నంలో కాపురం పెట్టినప్పటి నుంచి మా ఊరి దుమ్ము దానికి పడదు. అయినా చనిపోయినవాళ్లు ఇంటికొచ్చే ఈ పండగకి మాత్రం రాకుండా ఉండదు. వాళ్ల నాన్నంటే దానికంత ప్రాణం.

పెద్ద బల్ల మీద ఆయన ఫొటో పెట్టాం. తీపి రొట్టెలు, ఆయనకిష్టమైన బీరు సీసా సర్దాం. పూలరేకులు గుమ్మం దాకా చల్లాం. ఒతీలియా ఫొటో పక్కనున్న ఖాళీ జాగా వైపు చూసింది.

"తమ్ముడిది కూడా పెడదాం అమ్మా."

"నోర్ముయ్. పోయినవాళ్లని పిలిచే బల్ల మీద బతికున్నవాడి ఫొటో ఏంటే?"

"పని కోసం సరిహద్దు దాటుతానని పోయి రెండేళ్లయింది. ఒక్క ఫోన్ చేశాడా? వాడు లేడని ఊరందరికీ తెలుసు, నీకు తప్ప."

నాకు ఒళ్లు మండిపోయింది. కన్నదాన్ని నేను. వాడు పోతే నాకు తెలియదా? ఎండుమిరపకాయలు తీసుకుని, కోడికూరలోకి ముద్ద పట్టించడానికి మిల్లుకి వెళ్లాను.

అక్కడ చాంతాడంత క్యూ. నా వంతు రాకముందే మధ్యాహ్నం చర్చి గంట మోగింది. పోయినవాళ్లకి దారి తెరుచుకునే గంట అది. ఎందుకో మనసు కీడు శంకించి ఇంటికి పరుగెత్తాను. గదంతా సాంబ్రాణి పొగ. ఆ పొగలోంచి నా కొడుకు ఎవెలియో నవ్వుతున్నాడు... వాళ్ల నాన్న పక్కనే, ఫ్రేములో.

"ఎంత పని చేశావే!"

"ఒక్కసారి ఏడ్చేస్తే నీ మనసు కుదుటపడుతుందని..." అంది ఒతీలియా.

తీసేయబోతే అది నా చెయ్యి పట్టుకుంది. గంట మోగి సాంబ్రాణి వెలిగాక, బల్ల మీదివేవీ మర్నాటి దాకా కదపకూడదు. కదిపితే వచ్చేవాళ్లు దారి తప్పుతారు. ఆ సంగతి దానికి నేర్పింది నేనే. కూర్చున్నాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను. వీధిలో ఒక్క కుక్కయినా మొరగడం లేదు.

ఫోన్ మోగింది.

"అమ్మా..."

ఎవెలియో! ఒతీలియా గోడకి జారగిలబడి ఏడ్చేసింది. నాకు సంతోషమూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"ఎక్కడ చచ్చావురా ఇన్నాళ్లూ?" అనేసి నాలుక్కరుచుకున్నాను.

"టమాటా తోటలో పనమ్మా. చేతిలో పైసా లేదు, సిగ్గేసి ఫోన్ చేయలేదు. పొద్దున కూడా బుట్టలు మోశాను. ఇందాక గంట వినపడింది. మన ఊరి గంటే! ఎవరో పిలిచినట్టయింది... లేచి నడుస్తున్నా."

"ఆగు. అక్కడే ఆగరా."

"కాళ్లు ఆగడం లేదమ్మా. అలసట కూడా లేదు. దారంతా మంచి వెలుతురు. నాన్న ముందు నడుస్తున్నాడు. పిలిస్తే వెనక్కి తిరగడం లేదు..."

బతికున్నవాణ్ని ఆ ఫొటోయే పిలుస్తోంది. ఆచారం గీచారం అక్కర్లేదు. నా బిడ్డ నాకు కావాలి. ఫొటో తీసి బల్ల మీద బోర్లించేశాను.

"వెనక్కి పో నాయనా," అన్నాను గుసగుసగా. "వచ్చిన దారినే పో."

అవతల అడుగుల చప్పుడు ఆగింది. వాడి ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"అమ్మా... ఉన్నట్టుండి చీకటైపోయిందేంటి?"

నా చెయ్యి ఇంకా ఫ్రేము మీదే ఉంది. నిలబెడితే వాడు వాళ్ల నాన్నతో, పోయినవాడిగా ఇక్కడికొచ్చేస్తాడు. నిలబెట్టకపోతే...

"అమ్మా," వాడి గొంతు బాగా తగ్గిపోయింది. "ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. నాన్న చెయ్యి కాదు."