ఆమె నోట రాని మాట

"ఒక్క నిమిషం. కళ్ళు తెరవకండి," అని చెప్పి వెళ్ళింది పార్లర్ ఆవిడ. ఆ నిమిషం ఎంతకీ అయిపోవడం లేదు.

ముఖానికి పట్టించిన ప్యాక్ ఎండి బిగుసుకుపోయింది. పక్కన హెయిర్ డ్రయ్యర్ మోత ఆగలేదు. కాసేపటికి మాడు వాసన వచ్చింది.

కస్టమర్ కళ్ళ మీది దూది తీసేసింది. గదిలో ఎవరూ లేరు. టేబుల్ మీద వదిలేసిన డ్రయ్యర్ వేడికి టవల్ నల్లబడుతోంది.

పిలిచింది. ఎవరూ పలకలేదు. ముఖం కూడా కడుక్కోకుండా మెట్లు దిగి కేకలు పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కనబడకుండా పోయినావిడ అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికి అడుగు పెట్టడానికే భయపడుతోంది.

రెండు కుర్చీల పార్లర్. గోడ పొడవునా అరలు. వాటిలో క్రీములకంటే ప్రోటీన్ పౌడర్ డబ్బాలే ఎక్కువ. టేబుల్ మీద ఆమె ఫోన్ పడి ఉంది. కొక్కేనికి హ్యాండ్‌బ్యాగ్ వేలాడుతోంది. ఇన్‌స్పెక్టర్ దాన్ని తెరిచింది. అద్దం, దువ్వెన, ఒక ఇన్‌హేలర్.

"మీ చెల్లెలికి ఆస్తమానా?"

"చిన్నప్పట్నుంచీ." అక్క ముఖం పాలిపోయింది. "దుమ్ము తగిలితే చాలు మేడమ్, ఊపిరాడదు. అది లేకుండా వీధి చివరిదాకా కూడా వెళ్ళదు."

ఇన్‌స్పెక్టర్ ఇన్‌హేలర్‌ని జేబులో వేసుకుంది. 

"ఎవరితోనైనా గొడవలున్నాయా?"

"ఒకళ్ళిద్దరైతే చెప్పేదాన్ని." అక్క డబ్బాల వైపు చూసింది. "ఇదిగో, ఈ నెట్‌వర్క్ బిజినెస్. డబ్బాలు కొని చేరాలి, ఇంకో నలుగుర్ని చేర్పించాలి. సగం వీధిని చేర్పించింది. ఎవరి డబ్బాలూ కదల్లేదు. దానికి నిద్రపట్టడం మానేసింది. ఇవాళ సాయంత్రం అందర్నీ పిలిచి, నేను మిమ్మల్ని మోసం చేశానని చెప్పేస్తానంది. అట్నుంచటే స్టేషన్‌కి పోయి లొంగిపోతానంది."

"ఈ సంగతి ఎవరికి తెలుసు?"

"నాకూ, మా మరిదికీ, అదే, దాని మొగుడికి. దాన్ని ఇందులోకి దింపినాయనకి కూడా చెప్పేసిందట. ఆయన్ని అందరూ డైమండ్ అంటారు, కంపెనీ ఇచ్చిన ర్యాంకు."

మెట్ల మీద పరుగు వినిపించింది. వచ్చినవాడు కనబడకుండా పోయినావిడ భర్త. వెనక వీధిలో డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు, అందరికీ మాస్టారు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. ఒకచోట నిలవలేకపోతున్నాడు.

"ఆమె ఫోన్‌లో చివరి కాల్ మీదే," అంది ఇన్‌స్పెక్టర్.

"భోజనానికి వస్తావా అని నేనే చేశానండి. ఒకటే ఏడుపు." చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "'నా డౌన్‌లైన్ ఉన్నాడే, వాడే నన్ను ఈ ఊబిలోకి లాగాడు. ఇప్పుడు నోరు తెరిస్తే చంపేస్తానంటున్నాడు,' అంది. ఆ డైమండ్ గాడే మేడమ్. ముందు వాణ్ణి పట్టుకోండి."

"మీరూ ఇందులో ఉన్నారా?"

"నేనా? ఆ మీటింగులంటేనే నాకు పడదు. ఒక్కదానికీ వెళ్ళలేదు."

హెడ్ కానిస్టేబుల్ డైమండ్‌ని వెంటబెట్టుకొచ్చాడు. కోటు, టై, ఛాతీ మీద మెరిసే బ్యాడ్జి. టై ముడి మాత్రం వదులు చేసుకుంటూనే ఉన్నాడు. అక్క గుమ్మంలోంచి రెండడుగులు లోపలికి జరిగింది.

"బెదిరించాను మేడమ్, ఒప్పుకుంటా," అన్నాడు అడక్కముందే. "కోర్టుకీడుస్తానన్నాను. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. పొద్దున్నుంచీ హాల్లో ట్రైనింగ్ ఇస్తున్నాను."

"నిజమే మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "స్టేజీ మీంచే దింపి తెచ్చా. హాలంతా సాక్ష్యం."

"ఆమె మీకేమవుతుంది?"

"నా డౌన్‌లైన్."

ఇన్‌స్పెక్టర్ చూపు అతని మీద ఆగింది.

"నాకు తెలీక అడుగుతున్నా. డౌన్‌లైన్ అంటే?"

"మనం చేర్పించినవాళ్ళు, వాళ్ళు చేర్పించినవాళ్ళు. అంతా మన కింద ఉంటారు కదా. వాళ్ళ అమ్మకాల్లో మనకి కమీషన్. మనల్ని చేర్పించినవాడు పైన ఉంటాడు, అతను అప్‌లైన్. ఆమెకి అప్‌లైన్‌ని నేను."

"ఈ మాటలు ఆమెకి బాగా తెలుసా?"

"ఎందుకు తెలీదండీ?" అంది అక్క. "కొత్తవాళ్ళకి పాఠం చెప్పేదే అది. నన్నూ చేర్పించింది. పుట్టుకలో నేను పెద్దదాన్ని, అక్కడ మాత్రం దాని డౌన్‌లైన్‌ని. ఆ మాటకి ఎన్నిసార్లు నవ్వుకున్నామో." నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గరగా వేసింది.

"మాస్టారూ, ఫోన్‌లో మీ ఆవిడ అన్న మాట ఇంకోసారి చెప్పండి. ఉన్నదున్నట్టు."

"నా డౌన్‌లైన్... వాడే నన్ను లాగాడని..."

"అప్‌లైన్ అనలేదు కదా?"

"లేదండీ. డౌన్‌లైన్ అనే అంది. నా చెవులారా విన్నా."

 డైమండ్ నోరు తెరుచుకుంది. అక్క మరిది ముఖంలోకి చూసింది.

"పాఠం చెప్పే మనిషి. ఎంత ఏడుస్తున్నా, తనని చేర్పించినవాణ్ణి డౌన్‌లైన్ అనదు," అంది ఇన్‌స్పెక్టర్. "అమ్మని కూతురని ఎవరైనా అంటారా? ఆ మాట ఇంట్లో మీ చెవిన పడుతూనే ఉంది, అర్థం ఎప్పుడూ అడగలేదు. డైమండ్ మీదికి నన్ను తోలడానికి మీరు అల్లిన మాట అది. ఆమె ఫోన్‌లో ఏడవలేదు. మీరు ఫోన్ చేసి కిందికి రమ్మన్నారు, నిమిషంలో వచ్చేస్తాననుకుని వెళ్ళింది. అందుకే బ్యాగ్, ఫోన్ తీసుకోలేదు."

మాస్టారు అద్దం ముందు కుర్చీలో కూలబడ్డాడు.

"ఎక్కడుంది?"

 ఇన్‌స్పెక్టర్ ఇన్‌హేలర్ అతని కళ్ళ ముందు పెట్టింది.

"స్కూల్ వెనక షెడ్డు," అన్నాడు. "అమ్ముడుపోని డబ్బాలు అక్కడే. ఎన్నున్నాయో చూసి చెప్పమని లోపలికి పంపి, షట్టర్ దించేశా. జైలుకి పోతానంటే ఎలా చూస్తూ ఊరుకోను? సాయంత్రం గడిస్తే మనసు మారుతుందనుకున్నా."

"ఇది లేకపోతే ఆమె ఏమవుతుందో తెలీదా?"

"తాళం వేశాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళా. అప్పటికే వీధంతా జనం. తీస్తే నేనేనని తెలిసిపోతుంది. ఇంకాస్సేపు, ఇంకాస్సేపు అనుకుంటూ..."

అక్క అతని మీద చెయ్యెత్తింది. కొట్టలేదు. "తాళం ఇవ్వు," అంది.

ఇన్‌స్పెక్టర్ జీపు కోసం ఆగలేదు. తాళం పట్టుకుని సందులోకి పరిగెత్తింది. వెనక అక్క.  షట్టర్ మీద దబదబ బాదారు. లోపల్నుంచి ఏ శబ్దమూ రాలేదు.

తాళం తిరగనని మొరాయించింది. హెడ్ కానిస్టేబుల్ వచ్చి రెండు చేతులా తిప్పాడు. షట్టర్ సగం లేచింది. దుమ్ము గుప్పున కొట్టింది.

ఆమె గడప దగ్గరే బోర్లా పడి ఉంది. షట్టర్ కింది సందుకి నోరు ఆనించి, బయటి గాలి కోసం పాకులాడినట్టుంది. గోళ్ళు విరిగి రక్తం గడ్డకట్టింది. పెదాలు నీలం.

అక్క ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ ఇన్‌హేలర్ నోట్లో పెట్టి నొక్కింది. ఆమెలో కదలిక లేదు. మళ్ళీ నొక్కింది.

"ఒసేయ్," అంటోంది అక్క చిన్నగా, "పీల్చవే. నీకు దండం పెడతా, పీల్చవే."

మూడోసారికి గొంతులో పిల్లికూతలాంటి శబ్దం వచ్చింది.

చీకటి పడే వేళకి ఆస్పత్రిలో కళ్ళు తెరిచింది. ఇన్‌స్పెక్టర్ మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"మీ ఆయన స్టేషన్‌లో ఉన్నారు. మీ స్టేట్‌మెంట్ కావాలి. ఓపికుంటేనే."

ఆమె ఆక్సిజన్ మాస్క్ పక్కకి జరిపింది.

"ముందు నా మీద రాసుకోండి. ఆయన సంగతి తర్వాత."

"మీ మీద ఇంతవరకూ ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదమ్మా."

"ఇవ్వరు." ఊపిరి కూడదీసుకుంది. "అంతా నా దగ్గర తల దువ్వించుకున్నవాళ్ళు. మొహమాటం. అది చూసే వాళ్ళని చేర్పించాను."

"భయం లేదా?"

"చచ్చేంత ఉంది," అంది.  దుప్పటి ఛాతీదాకా లాక్కుని, మొదట చేర్పించిన మనిషి దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఆ మనిషి గుమ్మంలో నిలబడి వింటున్న అక్కే.